ఆకాశ నౌకల జూదము



మన మార్కాపురపు సీమలో పులిజూదము నెఱుగని పెద్దలుందురని నేను నమ్మను. గుడి మండపపు బండ మీదనో, రచ్చబండ మీదనో ఉలితో గీసిన ఆ త్రికోణమును, దాని నడ్డముగా కోసికొనిపోవు గీతలను చూడగానే మన వ్రేళ్లు తమంతట తామే గులకరాళ్లను వెదకును. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు ఇండ్లు. పులి మేక మీదుగా దుమికి దానిని చంపును. మేక పులిని చంపజాలదు; పదిమందితో కలిసి చుట్టుముట్టి, కదలుటకు దారి లేకుండ కట్టివేయును. నల్లమల నీడను పుట్టి, మేకలను అడవికి తోలి, పులి అడుగును బురదలో చూచి మందను వెనుకకు మరల్చిన వారికి ఈ యాట ఒకరు నేర్పవలసినది కాదు.

నేడు నేను చెప్పబోవునదియు ఒక విధమైన పులిజూదమే. అయితే అందలి పులులును మేకలును నక్షత్రముల నడుమ తిరుగు ఆకాశ నౌకలు. నవ్వకుడు. మొదట నేనును నవ్వితిని. తరువాత మూడు రాత్రులు నిద్ర పోగొట్టుకొంటిని.

పులిజూదమును అఱువది యేండ్లుగా ఆడుచున్నను నాకు ఒక ప్రశ్న ఎన్నడును తోపలేదు. పులులు మూడే యేల? మేకలు పదునైదే యేల? నాలుగవ పులిని దింపినచో మేకలకు బ్రదుకు లేదు. మేకలను ఇరువదియైదు చేసినచో పులులకు ఊపిరి యాడదు. ఎవరో, ఎన్నడో, ఎన్నియో మార్లు ఆడి చూచి, బలములు వేఱైనను గెలుపు ఇరువైపుల వారికిని అందునట్లు ఆ లెక్క కుదిర్చిరి. చదరంగమున రెండు దండులును సమానము కనుక అచ్చట ఈ చిక్కు లేదు. కాని రెండింటను బలము మనకు పెద్దలిచ్చినదే. మనము దానిని కదుపుదుము, అంతే. నేను చెప్పబోవు ఆటలో ఆటగాడు తన దండును తానే నిర్మించుకొనవలెను. ఇరువురికిని సొమ్ము సమానముగా నిత్తురు. దానితో ఏమి కొనవలెను, ఎన్ని కొనవలెను, ఏ నౌకకు ఏమి తొడుగవలెను అనునది అతని బుద్ధి. ఆట మొదలు పెట్టకముందే సగము ఆట ముగిసిపోవును.

ఇది నాకు తెలిసిన విధమును చెప్పెదను. హైదరాబాదులో కంప్యూటరు పని చేయు నా మేనల్లుడు వేసవిలో పెద్దారవీడు వచ్చెను. ఒక సాయంకాలము కరెంటు పోయెను. అతని చేతిలోని ఫోను కొంతసేపటికి చల్లబడెను. అప్పుడు సంచిలోనుండి రెండు పాచికలను, నలిగిన పుస్తకము నొకదానిని తీసి, "మామయ్యా, ఇంట్లో పలక ఉందా?" అని అడిగెను. బడిపంతులుగా బ్రదికిన వాని ఇంట పలకకు కొదువ యేమి? అందును మార్కాపురము పలకకు? దేశమున ఎందఱి చేతనో అక్షరములు దిద్దించిన ఆ నల్లరాయి మన నేలలోనిదే. అటక మీదినుండి కొయ్యచట్రము పలక నొకదానిని దింపి, తడిగుడ్డతో తుడిచి అతని కిచ్చితిని. బలపము మాత్రము అరగంట వెదకవలసి వచ్చెను.

ఆ యాట పేరు ట్రావెలర్. అనగా బాటసారి. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అను సంస్థ 1977లో దానిని అచ్చువేసెను. రూపొందించిన వాడు మార్క్ మిల్లర్. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుండి, ఒకరు నౌక నాయకుడనియు, ఒకరు యంత్రములు చూచువాడనియు, మఱియొకరు వర్తకుడనియు వేషములు పంచుకొందురు. ఒకడు సూత్రధారి. అతడు పరిస్థితిని చెప్పును; తక్కినవారు తాము చేయు పనిని నోటితో చెప్పుదురు; సందేహము వచ్చినచోట పాచికలు తీర్పు చెప్పును. రంగు పూసికొనని వీథినాటక మనుకొనుడు. కాని ముందుగా వ్రాసిన పాట లేదు, పద్యము లేదు, కథ ఎక్కడికి పోవునో సూత్రధారికిని పూర్తిగా తెలియదు. ఇట్టి ఆటలలో మొదట అచ్చయినది 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్. వీని తాతలను వెదకుచు పోయినచో 1824లో ప్రష్యా దేశపు సైన్యాధికారులకు రైస్విట్జ్ అనువాడు నేర్పిన యుద్ధక్రీడయు, 1898లో ఇంగ్లండున ఫ్రెడ్ జేన్ అచ్చువేసిన యుద్ధనౌకల ఆటయు కనబడును. సముద్రపు నౌకలను బల్లమీద పోరించిన తరువాత, వానిని ఆకాశమున కెక్కించుట మనుష్యునికి ఎంతసేపు?

1979లో ఈ బాటసారి ఆటకు హై గార్డ్ అను అనుబంధ గ్రంథము వచ్చెను. పెద్ద నౌకలను కట్టుటయు, నౌకాదళములు పోరాడుటయు దాని విషయము. మేనల్లుని చేతిలోనిది అదియే. అందలి శిల్పశాస్త్రమును కొంచెము వినుడు, వినదగినది.

మొదట నౌక పొట్టు. దానిని టన్నులలో కొలుతురు. ఈ టన్ను బరువు కాదు, చోటు. ఎన్ని టన్నుల చోటు గల నౌకనైన కట్టవచ్చును. కాని లోపల పెట్టు ప్రతి వస్తువును చోటు తినును, సొమ్ము తినును. ఒక నక్షత్రమునుండి ఇంకొక నక్షత్రమునకు దుముకుటకు ఒక యంత్రము కావలెను. ఆ దుముకునకు ఇంధనము కావలెను. పార్సెక్ అను కొలత యొకటి కలదు. వెలుతురు మూడేండ్లకు పైగా ప్రయాణము చేయు దూరము. ఒక్క దుముకులో ఎన్ని పార్సెక్కులు దాటదలచితిరో, నౌక చోటులో అన్ని పదియవ వంతులు ఇంధనమునకే పోవును. నాలుగు పార్సెక్కులు దుముకు నౌకకు పదింట నాలుగు పాళ్లు వట్టి ఇంధనపు తొట్టియే! మిగిలిన చోట నడుపు గది, గణకయంత్రము, తప్పుకొని తిరుగుటకు వేఱొక యంత్రము, దానికి శక్తి నిచ్చునది, పైన కవచము, ఆయుధములు, మనుష్యులు పండుకొనుటకు గదులు. ఒక్కొక్క గదికి నాలుగు టన్నులు.

మా చిన్నతనమున దోర్నాల మీదుగా శ్రీశైలము తిరునాళ్లకు బండ్లు కట్టుకొని పోయిన పెద్దల మాటలు వినియుంటిమి. ఎద్దులకు మేత వేసికొనవలెను. మేత యెక్కువైనచో బండిలో ముసలివారికి చోటుండదు. ముసలివారిని ఎక్కించి మేత తగ్గించినచో అడవి నడుమ ఎద్దులు నిలిచిపోవును. నీటికుండలు మఱచిపోయినచో ఇక మాటయే లేదు. ఆకాశ నౌక శిల్పికిని ఇదియే గొడవ. కవచము దళసరి చేసినచో పరుగు తగ్గును. పరుగు పెంచినచో ఫిరంగికి చోటు తగ్గును. ఇది ఆటల వారు కల్పించిన చిక్కు కూడ కాదు. 1922లో వాషింగ్టను నగరమున అయిదు రాజ్యములు ఒడంబడిక చేసికొని, ఏ పెద్ద యుద్ధనౌకయు 35,000 టన్నులు మించరాదని నిర్ణయించినప్పుడు నిజమైన నౌకాశిల్పులు ఇదే త్రాసు ముందు కూర్చుండి తలలు పట్టుకొనిరి.

సరే, మేనల్లుడును నేనును చెరి వేయి కోట్ల నాణెములతో దండు కట్టితిమి. నాకు పెద్దదనిన మోజు. రెండే నౌకలను కట్టితిని. ఒకటి గజరాజు, రెండవది ఐరావతము. ఒక్కొక్కదాని పొడవునా వెన్నెముక వలె ఒకటే మహా ఫిరంగి. అతడు పదునాలుగు చిన్న నౌకలను కట్టి, వానికి పేర్లు కూడ పెట్టలేదు. పాచికలు పడెను. నా ఫిరంగి ప్రేలిన ప్రతిసారియు అతని నౌక ఒకటి పోయెడిది. నా గుండె పొంగెడిది. కాని పెద్ద వస్తువునకు గుఱి తప్పదు. వాని చిన్న దెబ్బలు ఒకటి వెనుక ఒకటి తగులుచు ఫిరంగి బలమును ఒక మెట్టు, యంత్రమును ఒక మెట్టు తఱుగగొట్టెను. అర్ధరాత్రికి గజరాజు పలక మీద వట్టి సున్న అయి నిలిచెను. అతనికి ఇంకను అయిదు నౌకలు మిగిలియుండెను. "మామయ్యా, మేకలే గెలిచాయి చూడండి" అనెను. నాకు కోపము వచ్చిన మాట నిజము.

నా కోపము తీర్చుటకో, పెంచుటకో, మఱునాటి సాయంకాలము అతడు చెప్పిన చరిత్ర యిది. 1981లో ఈ యాటకు ఒక పెద్ద పోటీ నియమావళి వచ్చెను. ప్రతి ఆటగాడును ఒక ట్రిలియన్ నాణెములతో దండు కట్టవలెను. ట్రిలియన్ అనగా మన లెక్కలో సరిగా లక్ష కోట్లు. ఆ యేటి జూలై మొదటి వారమున కాలిఫోర్నియాలోని శాన్ మటేయో పట్టణమున పోటీ జరిగెను. అందు పాల్గొనిన వారిలో డగ్లస్ లెనట్ అను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయు డొకడుండెను. అతడు అంతకుముందు ఈ యాటను ఒక్కనాడైన ఆడి యెఱుగడు. అంతకు కొంతకాలము ముందు అతడు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున బోధించి వచ్చినవాడు. మన చిత్తూరు జిల్లా కాటూరున పుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు 1969లో ఆచార్యులుగా చేరినదియు ఆ విశ్వవిద్యాలయముననే. కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి పెద్దదైన ట్యూరింగ్ బహుమానము 1994లో వారికి వచ్చెను. దూరదేశపు కథలో మనవారి గడప కనబడినప్పుడు చెప్పక పోజాలను.

లెనట్ తన బుద్ధితో దండు కట్టలేదు. యూరిస్కో అను ప్రోగ్రామును వ్రాసెను. నియమములన్నియు దానికి చెప్పి, దండులను కట్టి తమలో తాము పోరించుకొమ్మని రాత్రులందు విడిచిపెట్టెడివాడు. ప్రొద్దున వచ్చి, అది కనిపెట్టిన సూత్రములలో పనికివచ్చునవి యుంచి, తిక్కవి త్రోసివేసెడివాడు. ఒక నెల ఇట్లు గడచెను. గెలుపులో తన పాలు అఱువది వంతులు, యంత్రము పాలు నలువది వంతులని అతడు తరువాత వ్రాసెను. ఏ ఒక్కరును ఒంటరిగా గెలిచియుండరనియు వ్రాసెను. పనివానికి దక్కవలసినది దక్కించిన మాట కనుక నాకు నచ్చినది.

ఆ యంత్రపు నడవడిలో ఒక వింత. మంచి సూత్రము కనిపెట్టిన దేదో దానికి విలువ పెంచవలెనని దానిలో ఏర్పాటుండెను. ఒకనాడు ఒక సూత్రము విపరీతముగా విలువ పెరిగిపోవుచుండుట చూచి లెనట్ వెదకగా, అది చేసిన పని యొకటే: ఇతర సూత్రములు కనిపెట్టిన మంచి విషయముల ప్రక్కన "కనిపెట్టినది నేనే" యని తన పేరు వ్రాసికొనుట! మన పాత కాలపు లెక్కల పుస్తకములు చూచిన పెద్దలకు ఇట్టి నేర్పరితనము క్రొత్త కాదు. యంత్రమునకు ఎవరును నేర్పకుండ వచ్చినది గదా యని మాత్రము ఆశ్చర్యము.

ఇక పోటీ. తక్కిన వారందఱు ఇరువది ప్రాంతముల నౌకలతో, పెద్దవియు చిన్నవియు కలిపి, వేగమునకు కొంత, కవచమునకు కొంత, ఆయుధమునకు కొంత పంచి, చూచుటకు ముచ్చటగా దండులు తెచ్చిరి. యూరిస్కో దండున నూఱింటికి కొంచెము తక్కువ నౌకలుండెను. వేగము లేదు. దళసరి కవచము, చిన్న ఆయుధములు పెక్కు. అనుభవజ్ఞులు చూచి నవ్విరట. పోరు మొదలయిన తరువాత నవ్వు ఆగెను. వీరు ఒక నౌకను ముంచులోపల అటునుండి నాలుగైదు నౌకల దెబ్బలు పడెడివి. సగము దండు పోయినను దానికి ఇంకను సగముండెను. ఎదుటివారికి ఏమియు ఉండెడిది కాదు. కొందఱు కొద్దిసేపటిలోనే ఓటమి నొప్పుకొని లేచిపోయిరి.

అందొక చిన్న పడవ సంగతి నాకు మఱింత నచ్చినది. దానికి ఆయుధము లేదు. మిక్కిలి చిన్నది, మిక్కిలి చురుకైనది. నియమముల లెక్క ప్రకారము దానిని ఏ ఫిరంగియు కొట్టజాలదు. దండంతయు పోయినను అది యొక్కటి మిగిలిన చాలును, పూర్తిగా ఓడినట్లు కాదు. రాత్రి పోరాటములలో ఒకదానిలో అట్టి పడవ అనుకోకుండ చావక మిగులుట చూచి యంత్రము దాని ఉపయోగమును గ్రహించెను. పులిజూదమున అంచునకు చేరిన మేకను తలచుకొనుడు. దాని వెనుక ఇల్లు లేదు కనుక ఆ వైపునకు పులి దుముకజాలదు. ఇది మన మేకల కాపరులకు ఎప్పటినుండియో తెలిసినదే.

ఆ యేడు లెనట్ గెలిచెను. మఱుసటి యేడు, 1982లో, పోటీ పెట్టినవారు నియమములు మార్చిరి. బరువైన, మందమైన నౌకల గుంపు గెలువకుండ, దండు మొత్తము చురుకుదనమును కూడ లెక్కలోనికి తెచ్చిరి. అప్పుడు యూరిస్కో ఏమి చేసెనో తెలియునా? దెబ్బతిని నడువలేని తన నౌకలను తానే ముంచివేసెను. కుంటుచున్నది పోగానే, మిగిలిన దండు చురుకుదనపు లెక్క పైకి లేచెను. అది మరల గెలిచెను. మూడవసారియు వచ్చి గెలిచినచో పోటీయే మానివేయుదుమని నిర్వాహకులు చెప్పగా, లెనట్ వారిచ్చిన నౌకాధిపతి బిరుదమును పుచ్చుకొని విరమించెను. 1984 నుండి లోకజ్ఞానమును యంత్రమునకు ఒక్కొక్క వాక్యముగా నేర్పు సైక్ అను పనిలో దిగి, 2023లో మరణించువఱకు దానినే పట్టుకొనియుండెను.

మేనల్లుడు ఈ ముంచివేత సంగతిని మెచ్చికోలుగా చెప్పుచుండగా, మా వీథి చివర మేకల పెద్దాయన అరుగు మీద కూర్చుండి వినుచుండెను. ఎనుబది దాటినవాడు. రెండు రాత్రులుగా మా పలకను చూచుటకే వచ్చుచుండెను. అతడు చుట్ట నోటినుండి తీసి అడిగెను.

"అబ్బాయా, ఆ వాడల్లో మనుషులు లేరా?"

"అవి కాగితం మీద అంకెలు తాతా. ఆట గదా."

"పులిజూదంలో మేకలు గూడా రాళ్లేలే. అయినా ఏ మేకను పోగొట్టుకోవాల అని ఆలోచించేటప్పుడు నాకు నా మందే గుర్తుకొస్తది."

తరువాత కొంచెము సేపటికి, ఎవరును అడుగకయే, చెప్పెను. ఒక కరవు సంవత్సరమున అడవి లోపలినుండి మందను తోలుకొని వచ్చుచుండగా ఒక మేకకు కాలు విఱిగినదట. ప్రొద్దు క్రుంకుచున్నది, వెనుక పొదలలో అలికిడి. భుజాన వేసికొని కొంత దూరము నడచెను. మంద చెదరసాగెను. దింపివేసెను.

"వదిలేసినా. తప్పు చేసినా అనను. మంద ఇల్లు చేరింది. అయితే పంతులుగారూ, కుంటిది పోయింది, మంద నడక పెరిగింది అని నేను లెక్క రాసుకోలేదు. దాని తల్లి రాత్రంతా అరిచింది. అది గూడా లెక్కే."

నా మేనల్లుడు ఏమియు అనలేదు. నేనును అనలేదు.

ఆ రాత్రి నాకు మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చెను. మన తీరమున మోటుపల్లి యను రేవు ఒకప్పుడు దేశదేశముల నౌకలకు దిగు తావు. తెలుగువారికి నౌకలు క్రొత్తవి కావు. రెండు కొయ్యస్తంభముల ఓడ బొమ్మతో శాతవాహనులు సీసపు నాణెములు కొట్టించిరి. మోటుపల్లిలోని వీరభద్రాలయపు స్తంభము మీద కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున చెక్కించిన శాసన మొకటి యున్నది. దానిని అభయ శాసన మందురు. తుపానులో విఱిగి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు మునుపటి రాజులు బలిమితో తీసికొనుచుండిరి. గణపతిదేవుడు, ప్రాణములను తెగించి సముద్రము మీద వచ్చువారికి ఆ సొమ్మే బ్రదుకు గదా యని, న్యాయమైన సుంకము మాత్రమే పుచ్చుకొని తక్కినది వారికే విడుతునని మాట యిచ్చెను. రాజు దయామయుడనుటకు నేనిది చెప్పుట లేదు. విఱిగిన ఓడవారికి భయము లేదని తెలిసిన రేవునకే వర్తకులు వత్తురని అతనికి తెలియును. అతడును లెక్క వేసెను. ఆ లెక్కలో విఱిగిన ఓడకును ఒక గడి యుంచెను.

యూరిస్కోను నేను నిందింపను. అది క్రూరమైనది కాదు, దయగలదియు కాదు. దేనిని కొలిచిన గెలుపో చెప్పిరి. అది దానిని పెంచెను. చురుకుదనమునకు గడి గీసిరి, ప్రాణములకు గీయలేదు. హై గార్డ్ గ్రంథమున ప్రతి నౌకకును ఎంతమంది మనుష్యులు కావలెనో లెక్క యున్నది, వారికి గదులున్నవి, ఆ గదులకు చోటును వెలయు ఉన్నవి. గెలుపు ఓటముల లెక్క దగ్గఱకు వచ్చునప్పటికి వారు లేరు.

ఇంత దూరము వచ్చినవాడను, మన ఊళ్ల మాట యెత్తక పోయినచో మీరే నన్నడుగుదురు. 1996లో వెలిగొండ పథకమునకు శంకుస్థాపన జరిగెను. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అను మూడు కొండసందులను కట్టలతో మూసి, శ్రీశైలపు కృష్ణ నీటిని సొరంగములగుండ తెచ్చి నింపవలెనని ఏర్పాటు. నాలుగు లక్షల నలువదియేడువేల యెకరములకు సాగునీరు, పదునైదు లక్షల మందికి త్రాగునీరు అని కాగితము మీద నున్నది. ఫ్లోరైడు నీళ్లు త్రాగి, పండ్లు గారపట్టి, మోకాళ్లు వంగని వారి నడుమ బ్రదికినవాడను నేను. ఆ నీరు వలదని నా నోట రాదు. ఆ లోయలో మన మండలపు సుంకేసుల, గుండంచర్ల, కలనూతల గ్రామములును ఉన్నవి. నీరు నిలుచుట కొఱకు ఆ ఊళ్లు లేవవలెను. మేకల పెద్దాయన మాటలో చెప్పవలసినచో, దింపవలసి వచ్చునప్పుడు దింపవలసియే యుండును. కాని ఎకరములకును, జనసంఖ్యకును గడులు గీసిన కాగితము మీద, ఇల్లు విడిచిన వానికి ఎప్పుడు, ఎంత, ఎక్కడ అను గడిని కూడ అంత పెద్ద అక్షరములతోనే గీయవలెను. ముంపు ఊళ్ల చుట్టములు మీ ఇండ్లకు వచ్చినప్పుడు వారు అడుగుచున్నది ఇదియే యని నాకు తోచును. నీరు వలదని చెప్పినవారిని నేను వారిలో చూడలేదు.

మూడవ రాత్రి మేకల పెద్దాయన మా ఆటకు క్రొత్త నియమము పెట్టెను. దెబ్బతిన్న నౌకను వెనుకవరుసకు లాగి కాపాడినచో దానికి సగము విలువ గెలుపులో చేరును. మనుష్యులతో సహా మునిగినచో మొత్తము విలువ తఱుగును. తన నౌకను తానే ముంచుకొన్నచో రెండింతలు తఱుగును. మనుష్యులను దింపుటకు చిన్న పడవ లున్నచో శిక్ష తగ్గును. కాని పడవలకును చోటు, సొమ్ము పెట్టవలసినదే. వినుటకు సులువుగా నుండెను. పలక తుడిచి మరల లెక్క వేయ మొదలిడగా తెలిసెను, దండు స్వరూపమే మాఱిపోయినది. పడవలకు చోటు విడిచునప్పటికి మేనల్లుని పదునాలుగు నౌకలు పదునొకండు ఆయెను. వెనుకవరుసకు పోవుటకు తగిన యంత్రము లేక నా గజరాజు పనికి రాలేదు. దానిని విప్పి నాలుగు నడితరపు నౌకలు చేసితిని. ఫిరంగి పోవుట నాకు ప్రాణము పోవుట వలె నుండెను. "మామయ్యా, ఆ యంత్రానికి ఈ రూల్సు చెప్పి రాత్రంతా వదిలితే ఏం కడుతుందో చూడాలనుంది" అని మేనల్లుడు చాలసే పాలోచించెను. కట్టుననుటకు నాకు సందేహము లేదు. అది కట్టునది చూచి మనమందఱము మొదట నవ్వుదుమనుటకును సందేహము లేదు.

ఆ పందెము తెగలేదు. నడిరేయి దాటిన తరువాత కరెంటు వచ్చెను; తెల్లవారుజామున మార్కాపురము పోవు బస్సున అతడు బయలుదేరెను. పలక మీద నా నౌకలు మూడు, అతనివి ఆఱు నిలిచియున్నవి. వెనుకవరుసలో నావి ఒకటి, అతనివి రెండు కుంటుచున్నవి. నేను తుడువలేదు. పలక మా పంచలో మేకునకు వ్రేలాడుచున్నది. పెద్దాయన సాయంకాలములందు వచ్చి, దానివైపు చూచి, వంతు ఎవరిదని అడుగుచున్నాడు. వంతు మేనల్లునిది. అతని పక్షమున ఆడదలచిన వారెవరైన ఉన్నచో పెద్దారవీడు రండు. పాచికలు నా యొద్దనే యున్నవి.